ఉత్తచేతులతో దిగినవా?

అచ్చంపేట నుంచి మా ఊరికి పోయే ఆటోలో డ్రైవరు కాళ్ళ దగ్గర ఒక పాత రేకు డబ్బా ఉంది. గుట్కా ఉమ్మడానికి పెట్టుకున్నాడేమో అనుకున్నాను. గుట్ట మూల ఇంకా కొంత దూరం ఉండగానే అతను ఆ డబ్బాలోంచి గుప్పెడు కంకర తీసి చెయ్యి వెనక్కి చాచాడు.

"పట్టుండ్రి, తలా ఒకటి. రాళ్ళవ్వ మూల వస్తాంది."

నా పక్కనున్న ఆడమనిషి ఒక రాయి తీసుకుంది. కాలేజీ బ్యాగు తగిలించుకున్న అమ్మాయి ఫోన్లోంచి కళ్ళు తీయకుండానే ఇంకొకటి తీసుకుంది. నేను తీసుకోలేదు.

"తీస్కో సారు."

"ఎందుకు?"

"ఎందుకేంది? ఎయ్యాలె. ఎయ్యకుంటే టైరు పంచరైతది. మొన్న ఒక కారాయన గిట్లనే ఎందుకన్నడు. మూల దాటిండో లేదో, టప్పున పేలింది."

ఆటో ఆగలేదు. రోడ్డు పక్కన నిలువెత్తు రాళ్ళ కుప్ప. నెత్తిన పసుపు, దాని మీద కుంకుమ, పైన రేకుల పందిరి, పందిరికి ఎర్రజెండాలు, గాజుల తోరణం. ఆటోలోని వాళ్ళు రాళ్ళు విసిరి చేతులు జోడించారు. విసిరిన రాళ్ళలో ఒకటో రెండో కుప్పకు తగిలాయి. మిగతావి రోడ్డు మీద పడ్డాయి. రోజంతా పోయే ఆటోలు, బైకులు విసిరిన కంకర ఆ మలుపులో పరుచుకొని ఉంది, అంచులు ఒక్కొక్కటి సూదిలా. కారాయన టైరు ఎందుకు పేలిందో తెలుసుకోవడానికి ఏ దేవతనూ అడగనక్కరలేదు.

నవ్వొచ్చింది. అది నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ మూల నాకు తెలుసు. కుప్ప అడుగున ఉన్న రాళ్ళలో నేను వేసినవీ ఉన్నాయి. దాని పక్కన బండ మీద గొంగడి పరుచుకొని పొద్దుగూకే వేళ కూర్చునే మనిషి కూడా నాకు తెలుసు. జాతరకు మేకపోతును ఇమ్మని అడగడానికి వచ్చిన పెద్దమనుషులతో ఆమె అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "దేవునికి పోతు గావాల్నంటె ఆయననే వచ్చి మేపుకొమ్మను. నేను ముండ్లల్ల వడి పెంచుతె, కూసున్న కాడికి తెచ్చియ్యాల్నా?"

ఆ నోటికి పసుపు పూసి పందిరి వేశారు.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే రేపు ఎవడో పాలరాతి మీద చెక్కిస్తాడు.

మా చిన్నప్పుడు ఆ గుట్ట మీదికి ఒంటరిగా పోయేవాళ్ళు లేరు. సీతాఫలాలు పక్వానికొచ్చి కండ్లు తెరిచే రోజుల్లో ఎలుగుబంట్లు మనకంటే ముందే అక్కడికి చేరేవి. నల్లమల వైపు నుంచి చిరుత దిగి వచ్చేది, తెల్లారేసరికి ఎవరి దొడ్లోనో మేక ఒకటి తగ్గేది. తునికి చెట్లు, మొర్రి చెట్లు, బండల సందుల్లో మనిషిని పట్టుకుంటే వదలని ముళ్ళకంప. గుట్ట వెనక ఒక లొద్ది ఉండేది. రెండు పెద్ద బండల మధ్య లోతైన సందు, అడుగున ఎండాకాలంలోనూ ఇంకని నీళ్ళు. అందులో బాలింత దయ్యం ఉందని ఊరంతా చెప్పుకునేది. కట్టెలకు పోయేవాళ్ళు కూడా ఆ వైపు తిరిగేవాళ్ళు కాదు.

ఆమె ఒక్కతే రోజూ మేకలను తోలుకొని అక్కడికి పోయేది. మనిషి పొట్టి. చీర మీద ఎవరిదో మగవాళ్ళ అంగీ, మోచేతుల దాకా మడిచి. ఎండ ఎంత మండినా నెత్తిన నల్ల గొంగడి. చేతిలో తన ఎత్తుకు రెండింతల దోటి, దాని చివర చిన్న కొడవలి. మేకలకు అందని కొమ్మను దాంతో వంచి పట్టుకునేది. తంబాకు నమిలేది. వాదన వస్తే ముందు పక్కకు ఉమ్మేది, కొంగుతో మూతి తుడుచుకునేది, అప్పుడు మొదలుపెట్టేది.

మేకలను అమ్మా, బిడ్డా, చెల్లే అని పిలిచేది. మనుషులకు అంత మర్యాద దక్కేది కాదు. ఒక ముసలి పోతుకు 'పటేలు' అని పేరు పెట్టింది. ఆ పోతు ఎవరి కంది చేలో పడితే వాళ్ళు కర్రలతో వచ్చేవారు. ఆమె కన్ను ఆర్పకుండా చెప్పేది: "పటేలు తన పొలం సూసుకోనీకి పోయిండు. వద్దనేటందుకు నేనెవల్ని?" పటేళ్ళ ఇంట్లో ఈ మాట తెలిసి ఒకసారి ఆమెను పిలిపించారు. ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. పోతు పేరు మాత్రం మార్చలేదు.

కాబట్టి ఆమెను మంచి మనిషి అని నేను చెప్పడం లేదు. పరాయి చేలు మేపేది. అబద్ధాలు ఆడేది. పక్కింటి ఆడమనిషితో ఒక గోడ విషయంలో మొదలైన పగను చివరిదాకా నిలుపుకుంది. అయితే ఆమెకో నియమం ఉండేది, అందులో ఎవరికీ మినహాయింపు లేదు. గుట్ట ఎక్కినవాడు దిగేటప్పుడు తొవ్వలో కాలికి తగిలే రాయి ఒకటి ఏరుకొని రావాలి, కింద మూలకు వేయాలి. ఆ తొవ్వ నిండా పలుగురాళ్ళు. మేక గిట్టల మధ్య తెగితే చీము పడుతుంది, కుంటిన మేక మందలో వెనకబడుతుంది, వెనకబడినది తోడేలుకు. అందుకే పొద్దుగూకే వేళ మూల దగ్గర కూర్చొని దిగేవాళ్ళందరి చేతులూ చూసేది. కట్టెల మోపు ఉన్నవాణ్ణీ వదలదు, పండ్ల గంప ఉన్నవాణ్ణీ వదలదు.

"ఉత్తచేతులతో దిగినవా?"

ఆ మాటకు ఊళ్ళో అందరూ జంకేవాళ్ళు. తేలేదంటే మళ్ళీ ఎక్కాల్సిందే. తాసిల్దారు ఆఫీసు నుంచి కొలతలకు వచ్చిన మనిషిని కూడా వెనక్కి తోలిందని చెప్పుకునేవాళ్ళు. ఆయన బూట్లతో మళ్ళీ ఎక్కి, కోడిగుడ్డంత రాయి జేబులో వేసుకొని వచ్చాడట. "జేబుల వెట్టుకుంటె నాకేమెర్క, తీసి సూపియ్" అందట.

కాలేజీ రోజుల్లో మేం కొందరం ఒక చిన్న సంఘంగా ఉండేవాళ్ళం. చేతబడి లేదని, నిప్పుల మీద నడవడంలో మహిమ లేదని ఊరూరా తిరిగి చర్చలు పెట్టేవాళ్ళం. మా ఊరి లొద్ది సంగతి మిత్రులకు చెప్పాను. ఒక మధ్యాహ్నం ఊరి జనాన్ని వెంటబెట్టుకొని పోయి, లొద్దిలో దిగి, ఆ నీళ్ళ పక్కన కూర్చొని అన్నం తిన్నాం. జనం పైన బండల మీద నిలబడి చూశారు. తర్వాత నేను లేచి మాట్లాడాను. భయం ఎట్లా పుడుతుందో, దాన్ని ఎవరు పెంచి పోషిస్తారో, దాంతో ఎవరి కడుపు నిండుతుందో గొంతు చించుకొని చెప్పాను. ఆమె కాస్త పక్కన దోటి మీద గడ్డం ఆనించి విన్నది.

"అయిపాయెనా?" అంది.

"అయింది పెద్దవ్వా. చూసినవు గద, దయ్యం లేదు."

"నేను రోజు మేకలకు నీళ్ళు తాపేది ఆడనే. దయ్యముంటె నా నోటికి తట్టుకుంటదా?"

జనం నవ్వారు. వెనక నుంచి ఎవరో, నన్ను ఇరుకున పెడదామని, "మరి దేవుడో?" అని అడిగారు. నేను వెనకాడలేదు. లేడు అన్నాను.

ఆమె పక్కకు ఉమ్మింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"సూసొచ్చినవా?"

"దేన్ని?"

"లేంది. అంతట తిరిగి, లేడని సూసొచ్చినవా? ఉన్నడనేటోడు సూడలే. లేడనేటోడు సూడలే. సూడనోళ్ళు ఇద్దరు కొట్లాడుతుంటె నడుమ నా మేకలు బెదురుతున్నయ్. దిగుండ్రి ఇగ."

ఉన్నదని చెప్పేవాడే రుజువు చూపాలి, లేదనేవాడు కాదు అని నేను దారంతా వాదించాను. ఇప్పటికీ అదే వాదిస్తాను, అది సరైన వాదన. కింద మూల దగ్గర ఆమె మా చేతులు చూసింది. అందరివీ ఖాళీ.

"ఉత్తచేతులతో దిగినవా? గంత సేపు ముచ్చట జెప్పినవ్, ఒక్క రాయన్న తేలే."

నాకు రోషం వచ్చింది. ఇదీ ఒక మూఢాచారమే అన్నాను. రాయిని పక్కకు తన్నితే చాలదా, ఇంత దూరం మోసుకొచ్చి ఇక్కడే ఎందుకు వేయాలి, ఇదేమన్నా గుడా అన్నాను.

"పక్కకు తంతె వాన కొట్టినంక మళ్ళ తొవ్వలకే దొర్లుతది. కిందికి తెస్తె ఇంకెటు పోతది? ఎక్కు."

మేం ఎక్కాం. దయ్యాల మీద అప్పుడే గెలిచి వచ్చిన సంఘం మొత్తం తలా ఒక రాయి పట్టుకొని దిగింది.

ఆమె అన్నిటిలోనూ అంత తెలివిగా ఉండేదని కాదు. పశువుల డాక్టరు టీకాలు వేయడానికి ఊరికి వస్తే మందను గుట్ట వెనక దాచింది. సూది పడితే మేక పిల్లలు గిడసబారిపోతాయని ఆమె నమ్మకం. ఆమె మాటనే తిప్పి అడిగాను: "సూసినవా?" నాకు మళ్ళీ దొరకనంత మంచి సమయం అది. ఆమె ఉమ్మలేదు, మూతి తుడుచుకోలేదు. దోటి ఎత్తి "ఫో" అంది. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఆ వానాకాలం రోగం వచ్చి మందలో చాలా మేకలు నోట నురగతో పడిపోయాయి. పటేలు కూడా పోయాడు. మరుసటి ఏడు టీకాల రోజు బడి దగ్గరికి పోతే వరసలో అందరికంటే ముందు ఆమె, నెత్తిన గొంగడి, చుట్టూ మిగిలిన మేకలు. సూది గుచ్చుతున్న డాక్టరును తిడుతోంది: "జర మెల్లగ పొడువు సారు, గోనెసంచి గాదు గది."

నేను నిలబడి చూస్తున్నాను. నా వైపు తిరిగింది.

"ఏంది సూస్తున్నవ్? సూసిన. గందుకే వచ్చిన."

తప్పయిందనే మాట ఆమె నోట ఎవరూ వినలేదు. నేను కూడా అంతకంటే ఎక్కువ వినలేదు. కానీ ఎన్నో సభల్లో ఎంతోమంది పండితులతో తలపడ్డాను. కళ్ళతో చూసిన దానికి ఇంత నిక్కచ్చిగా లొంగిన మనిషి నాకు మళ్ళీ కనబడలేదు.

ఆమె పోయినప్పుడు నేను చౌటుప్పల్లో పాఠాలు చెప్పుకుంటున్నాను. జ్వరమొచ్చి, పట్టపగలు, మేకలు గుట్ట మీద ఉండగా పోయిందట. తర్వాత రాష్ట్రం వచ్చింది, జిల్లాలు మారాయి, మా ఊరికి తారు రోడ్డు వచ్చింది. అదే రోడ్డు మీద టిప్పర్లు కూడా వచ్చాయి. ఆమె కోడలు ఈ మధ్య ఫోన్ చేసింది. "అన్నా, గుట్ట పోతాంది. మిగిలిన సగం గూడ కంకర క్రషరుకు ఇస్తరంట. ఆఫీసర్లు వచ్చి అందర్ని అడుగుతరంట. నువ్వొచ్చి మాట్లాడాలె." గుట్ట పోతే మేకలు ఎటు పోవాలని ఆమె బాధ. మందే వాళ్ళ బతుకు. అందుకే ఆ రోజు ఆటో ఎక్కాను. దేవత సంగతి ఆమె ఫోన్లో చెప్పలేదు.

ఆటో దిగి తల ఎత్తాను. గుట్టకు ఒక పక్క లేదు. నిలువుగా తెగి తెల్లగా ఉంది. లొద్ది ఎక్కడుండేదో నాకు నేనే చూపించుకోబోయి వేలు ఎత్తాను. అక్కడ ఆకాశం ఉంది. చెయ్యి దించేశాను. మిగిలిన పక్క సీతాఫలం చెట్లు నిలబడే ఉన్నాయి, ఆకుల మీద బూడిద లాంటి దుమ్ము. కాయలు కండ్లు తెరిచాయి, ఆ కండ్లలో కూడా దుమ్మే. ఎలుగు ఏదని ఎవరినో అడిగాను. "ఎలుగా?" అని ఆయన నవ్వాడు, నేను ఏనుగును అడిగినట్టు.

కోడలు మేకలను తోలుకొని మూల దగ్గరికి వచ్చింది. మనిషి పొడుగు, అత్తకు ఎక్కడా పోలిక లేదు. భుజాన మాత్రం ఆ నల్ల గొంగడే. అంచులు చిరిగితే వేరే దారంతో కుట్టుకుంది.

కుప్ప వైపు చూపించి అడిగాను. "ఎవలు పూసిన్రు చెల్లె గీ పసుపు?"

"నేనే."

ఆమె ముఖంలోకే చూశాను.

"గట్ల సూడకన్నా. అవుతలి పక్క అయిపోయినంక మిషినొచ్చింది, గీ కుప్ప ఎత్తి తొవ్వ ఎడల్పు జేస్తందుకు. మా ఆయన కాళ్ళు మొక్కినా ఆగలే. నేను ఇంట్లకెల్లి పసుపు తెచ్చి గబగబ పూసిన. మిషిను నడిపేటోడు ఎవలో పై రాష్ట్రపోడు. సూసిండు, చెప్పులిడిసిండు, మొక్కిండు, మిషిను తిప్పుకొని పోయిండు. మీ చట్టం ఆపలే అన్నా, నా పసుపు ఆపింది."

"మరి పందిరి?"

"ఊరోళ్ళు ఏసిన్రు. జెండాలు ఆటోలోళ్ళయి. రాయేస్తె మంచి జరుగుతదని ఎవడో అన్నడు. అందరు ఎయ్యవట్టిరి."

"నువ్వు నమ్ముతున్నవా?"

ఆమె తప్పిపోబోతున్న మేకపిల్లను కాలితో మందలోకి తోసింది.

"మొదలు నమ్మలే. గని రోజు పొద్దున నీళ్ళు వోసి బొట్టు వెడుతున్న గద. జర జర నమ్మకం వస్తాంది."

దేవుళ్ళు ఎట్లా పుడతారని నేను ఎన్నో వేదికల మీద చెప్పాను. ఎప్పుడూ చనిపోయిన కాలాల గురించే చెప్పాను. నా కళ్ళ ముందు, నేను రాళ్ళు వేసిన చోట, నాకు తెలిసిన మనిషి మీద ఒక దేవత మొలుస్తుంటే ఏం చేయాలో నేను ఎక్కడా చదవలేదు.

"అన్నా, రేపు మీటింగుల నువ్వు లేసి ఒక్క మాట జెప్పు. మా అత్తకు మహిమ ఉన్నదని జెప్పు. మేమంటె ఎవలు నమ్ముతరు? నువ్వు దేవుడు లేడని తిరిగేటోనివి. నువ్వే ఉన్నదంటె ఆఫీసర్లు గూడ జంకుతరు."

"అబద్ధం ఎట్ల చెప్పాలె?"

"మా అత్త ఆడకపోయెనా అబద్ధం? కంది చేన్ల పటేలు అని?" అని నవ్వింది. ఆ నవ్వు అట్లాగే ఉండగానే కళ్ళు తడిశాయి. "నాకు మేకలు కావాలె అన్నా. నీకు నిజం కావాలె. రెండు ఒక్క కాడ దొరుకుతయా?"

ఆ ప్రశ్న మోసుకొని మంద వెంట మిగిలిన గుట్ట ఎక్కాను. పైన నిలబడితే తెగిన అంచు కాళ్ళ కిందే ఉంది. లోపల మిషన్లు బొమ్మల్లా కనిపిస్తున్నాయి. కాసేపటికి హారన్ మోగింది, పేలుడు కింద నుంచి ముందు అరికాళ్ళకు తగిలింది, చెవులకు తర్వాత. మేకలు తల ఎత్తను కూడా లేదు. అలవాటైపోయింది. నాకు అన్నిటికంటే భరించరానిదిగా తోచింది అదే. ఒకప్పుడు నా ఉపన్యాసానికే బెదిరిన మందకు సంతానం ఇది.

మరుసటి ఉదయం సభకు ముందు చాయ్ హోటల్ దగ్గర ఒక యువకుడు నా దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మర్యాద గల మాట. క్రషర్ వ్యవహారాలు తనే చూస్తాడట.

"సార్, నేను మీ ఉపన్యాసాలన్నీ చూస్తాను. యూట్యూబ్‌లో. మీలాంటి వాళ్ళు మా ఊర్లకు రావాలి."

"మీది ఏ ఊరు?"

"పక్కదే సార్. మేమంతా చదువుకున్నోళ్ళం. కానీ చూడండి, రాళ్ళ కుప్పకు పసుపు పూసి అభివృద్ధిని ఆపుతున్నారు. మీరొక్కరు లేచి, ఇది మూఢనమ్మకం, వట్టి రాళ్ళ కుప్ప అనండి చాలు. మీరు రోజూ చెప్పేదే కదా సార్."

నేను రోజూ చెప్పేదే. అదే మాట అతని నోట వింటే పెంకు ముక్క నమిలినట్టయింది. నా వాదాన్ని అక్షరం తప్పకుండా నేర్చుకున్నాడు. దాన్ని ఎవరి మీద తిప్పాలో కూడా నేర్చుకున్నాడు.

"జనం ఊరుకుంటారా?" అని అడిగాను.

అతను గొంతు తగ్గించాడు. "వాళ్ళకు వేరే మాట చెప్పాం సార్. రోడ్డు మీద మంచి జాగా చూసి, సిమెంటు గుడి, కమాను కట్టిస్తాం. అమ్మవారిని అక్కడికి జరుపుతాం. పెద్దమనుషులు ఒప్పుకున్నారు."

బడి ముందు షామియానా. ముందు వరసలో పెద్దమనుషులు, వెనక గొర్లూ మేకలూ కాసేవాళ్ళు. అధికారి ఓపిక ఉన్నవాడే. క్రషర్ వాళ్ళ దరఖాస్తులోని మాటలు చదివి వినిపించాడు. మిగిలిన గుట్ట ఎవరికీ ఉపయోగం లేని బండ భూమి అని అందులో ఉంది. పెద్దమనుషుల్లో ఒకాయన లేచి, అమ్మవారికి గుడి కట్టిస్తే ఊరికి అభ్యంతరం లేదన్నాడు. కోడలు నా వైపు చూసింది. ఇస్త్రీ చొక్కా అబ్బాయి కూడా నా వైపే చూశాడు.

నేను మైకు తీసుకున్నాను.

"ఆమె దేవత కాదు" అన్నాను. షామియానా కింద గుసగుస మొదలైంది. ఆ అబ్బాయి ముఖం వెలిగింది. కోడలు తల దించుకుంది.

"మేకలు కాసిన మనిషి. నాకు తెలుసు, మీలో ముసలివాళ్ళందరికీ తెలుసు. ఇక్కడ తెల్ల జుట్టున్న వాళ్ళలో ఆమె చేత తిట్లు తినని వాళ్ళెవరో చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. వెనక ఒక ముసలాయన "నన్ను కొట్టింది గూడ" అన్నాడు. నవ్వులు లేచాయి.

"ఎందుకు తిట్టింది? ఉత్తచేతులతో దిగినందుకు. గుట్ట ఎక్కిన ప్రతివాడి చేతా ఒక రాయి మోయించింది. ఆ కుప్ప మహిమ కాదు. ఒక్కొక్క రాయి ఒక్కొక్క మనిషి ఆ గుట్ట ఎక్కి దిగినందుకు గుర్తు. మేకలకు పోయినవాడు, కట్టెలకు పోయినవాడు, సీతాఫలాలకు పోయినవాడు. కాగితంలో ఎవరికీ ఉపయోగం లేని గుట్ట అని రాసుకొచ్చారు. ఉపయోగం లేకపోతే ఇన్ని రాళ్ళు కిందికి ఎవరు దించారు సారూ? పోయి చూడండి. పసుపు కడిగి చూడండి. ఈ అబ్బాయి పొద్దున నాతో అది వట్టి రాళ్ళ కుప్ప అన్నాడు, మీతో అమ్మవారు అన్నాడు. రెండింట్లో ఏదైనా అతనికి పని జరుగుతుంది. రాళ్ళయితే ఎత్తి పారేస్తాడు, అమ్మవారైతే ఎత్తి రోడ్డు మీద పెడతాడు. మీ తొవ్వను మాత్రం ఎక్కడికి జరుపుతాడో అడగండి."

ముందు వరసలో ఒకాయన కోపంగా లేచాడు. "అమ్మవారిని మనిషంటున్నడు, గీయనను ఎవలు పిలిచిన్రు?"

"నేను పిలిచిన" అంటూ కోడలు లేచింది. మైకు ఇస్తామన్నా తీసుకోలేదు. "ఆయన జెప్పింది నిజం. మా అత్త మనిషే. పసుపు నేను పూసిన. మిషినుకు భయపడి పూసిన. దేవతైతె ఇన్నొద్దుల సంది మాకు గింత గోస ఉండునా? సారూ, మాకు గుడి వద్దు. మేకలు గుళ్ళె మెయ్యవు."

వెనక వాళ్ళు ఈలలు వేశారు. ముందు వాళ్ళు లేచి పోయారు. అధికారి, కుప్పను చూసి పోతానన్నాడు, చూశాడు కూడా. కుప్ప చుట్టూ తిరిగి, కింద వరసలో నాచు పట్టి నల్లబడిన పలుగురాయిని బూటు కొనతో కదిపి చూశాడు. కదల్లేదు. ఆర్డరు తర్వాత వస్తుందట.

ఇది రాసే నాటికి రాలేదు. ఫోన్ మోగినప్పుడల్లా అదే అనుకుంటాను. ఒకవేళ ఆర్డరు క్రషరుకే వస్తే, ఇక మిషను డ్రైవరు చెప్పులు విడవడు. అక్కడ దేవత లేదని మైకులో చెప్పినవాణ్ణి నేనే. నిజం చెప్పాను, మళ్ళీ అడిగినా అదే చెబుతాను. కానీ ఆ నిజం వల్ల నా ఇంటి కప్పు కింద ఏ ప్రమాదమూ లేదు. ప్రమాదం కోడలి దొడ్లో ఉంది.

సభ జరిగిన సాయంత్రం కోడలి వెంట గుట్ట ఎక్కి మందను తోలుకొని దిగాను. పెద్దమనుషులతో విరోధం తెచ్చుకున్నావు కదా, ఇక ఎట్లా అని దారిలో అడిగాను. "ఎట్లుంటె గట్ల" అంది. నాకంటే ముందు దిగి, మూల దగ్గర బండ మీద గొంగడి వేసుకొని కూర్చుంది. కుప్ప మీద పసుపు అట్లాగే ఉంది. కడగనూ లేదు, కొత్తది పూయనూ లేదు. ఒక ఆటో పోతూ పోతూ రాళ్ళు విసిరింది. అవి రోడ్డు మీద పడితే ఆమె లేచి, ఒక్కొక్కటి ఏరి కుప్ప మీద వేసి, వచ్చి మళ్ళీ కూర్చుంది.

నేను దగ్గరికి వచ్చాను. ఆమె నా ముఖం చూడలేదు. చేతులు చూసింది.

"ఉత్తచేతులతో దిగినవా అన్నా?"

చేతులు చూసుకున్నాను. తెల్లటి దుమ్ము తప్ప వాటిలో ఏమీ లేదు. పొద్దు ఇంకా కొంచెం ఉంది. వెనక్కి తిరిగి మళ్ళీ గుట్ట ఎక్కడం మొదలుపెట్టాను.